పదిహేనుకి పదిహేను వచ్చాక: తలకి దెబ్బ తగిలిన ఇంట్లో ఆలుమగలు

తలకి బలమైన దెబ్బ తగిలి ఐసీయూ దాటి బయటపడ్డవాళ్ల డిశ్చార్జి కాగితాల్లో తరచుగా ‘జీసీఎస్ 15’ అని ఉంటుంది. అది చూసి ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. ఊరికి ఫోన్ చేసి "ఫుల్ మార్కులంట, ఇంకేం భయం లేదంట" అని చెప్పేస్తారు. జీసీఎస్, అంటే గ్లాస్గో కోమా స్కేల్, చూసేది మూడే సంగతులు. కళ్లు వాటంతటవే తెరుస్తున్నారా, అడిగినదానికి తికమక లేకుండా జవాబు చెబుతున్నారా, చెయ్యి ఎత్తమంటే ఎత్తుతున్నారా. 1974లో గ్లాస్గోలో టీజ్‌డేల్, జెన్నెట్ అనే ఇద్దరు న్యూరోసర్జన్లు దీన్ని తయారుచేశారు. రోగికి స్పృహ ఎంతవరకు ఉందో నర్సు నుంచి సర్జన్ దాకా అందరూ ఒకే లెక్కలో చెప్పుకోవాలన్నది వాళ్ల ఉద్దేశం. కనిష్ఠం 3, గరిష్ఠం 15. ఎనిమిది, అంతకంటే తక్కువైతే గాయం తీవ్రమైనది. 9 నుంచి 12 మధ్యస్థం. 13 నుంచి పైన స్వల్పం. స్టవ్ కట్టేయడం గుర్తుంటుందా, బంధువుల ముందు నోరు అదుపులో ఉంటుందా, నెలాఖరు లెక్కలు మళ్లీ చూడగలరా అన్నది దాని పరిధిలోకి రాదు. అవన్నీ ఇంటికొచ్చాక ఒక్కొక్కటిగా తెలిసొస్తాయి.

మెదడు, మానసిక జబ్బుల ఆసుపత్రి అయిన బెంగళూరు నిమ్హాన్స్ రాయలసీమ వాళ్లకి కొత్త కాదు. అనంతపురం, హిందూపురం, మదనపల్లె వైపు తలకి ఏం జరిగినా ముందొచ్చే పేరు అదే. నాకు కన్నడం వచ్చు కాబట్టి అలా వచ్చిన మనవాళ్ల వెంట నేనూ ఓపీ క్యూల్లో నిలబడ్డాను. ప్రాణం గురించి, ఆపరేషన్ గురించి, మందుల గురించి చెప్పేవాళ్లు అక్కడ ఉంటారు. ఆ తర్వాత మొగుడూ పెళ్లాల మధ్య ఏం మారబోతోందో కూర్చోబెట్టి చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. ఈ వ్యాసం దాని గురించే. గాయం ఒకరి మెదడుకి తగులుతుంది గానీ, ఎవరు ఏ పని చూసుకోవాలి, ఎవరు ఏది గుర్తుపెట్టుకోవాలి అని ఇద్దరూ ఏళ్ల తరబడి చెప్పుకోకుండానే చేసుకున్న ఏర్పాటు మొత్తం కూలిపోతుంది. కోలుకోవడమంటే సగం పని ఆ ఏర్పాటును కొత్తగా చేసుకోవడమే.

బెంగళూరులో మహదేవపుర వైపు ఉండే ఒక జంటను ఉదాహరణగా తీసుకుంటాను. గుర్తుపట్టగలిగే వివరాలు మార్చాను. ఆయనది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆమె ఒక చిన్న కంపెనీలో టాలీ మీద లెక్కలు చూసేది. ఆయన బండి నడుపుతుంటే వెనక ఒకవైపుకి కాళ్లు పెట్టి కూర్చుంది. స్పీడ్ బ్రేకర్ మీద బండి ఎగిరేసరికి వెల్లకిలా పడింది. హెల్మెట్ ఆయన తల మీదే ఉంది. కర్ణాటకలో 2016 నుంచి వెనక కూర్చున్నవాళ్లకి కూడా హెల్మెట్ తప్పనిసరే. మనం దాన్ని ట్రాఫిక్ పోలీసు కనిపించే సిగ్నళ్ల దగ్గర మాత్రమే గుర్తుచేసుకుంటాం.

తల వెనక నేలకి కొట్టుకుంటే మెదడు ముందు భాగం ఎందుకు దెబ్బతింటుందని ఆయన చాలా రోజులు అడిగాడు. పుర్రె ఆగిపోయినా లోపల ద్రవంలో ఉన్న మెదడు ఆగదు, కదిలి అవతలి గోడకి తగులుతుంది. పైగా కళ్ల పైన, కణతల లోపల పుర్రె అడుగుభాగం నున్నగా ఉండదు, గట్లుగట్లుగా ఉంటుంది. మెదడు అక్కడ ఒరుసుకుంటుంది. అందుకే దెబ్బ ఎక్కడ తగిలినా నుదుటి వెనక, కణతల వెనక ఉన్న భాగాలే ఎక్కువగా నలుగుతాయి. తల గిర్రున తిరిగితే ఇంకో రకం నష్టం: నరకణాల పొడవాటి తీగలు సాగి తెగుతాయి. సీటీ స్కాన్ రక్తస్రావాన్ని, ఎముక విరగడాన్ని చప్పున పట్టుకుంటుంది గానీ ఈ తీగల నష్టాన్ని చాలాసార్లు చూపించలేదు. ప్రత్యేకమైన ఎమ్మారైలో చిన్న చిన్న రక్తపు చుక్కలుగా కొంత బయటపడొచ్చు. కాబట్టి "స్కాన్ నార్మలేనంట, ఇంకా ఎందుకిలా ఉంది" అన్న ప్రశ్నలో స్కాన్ మీద పెట్టుకున్న నమ్మకం కాస్త ఎక్కువ.

ఆమె నడక తొందరగానే మామూలైంది. మాట స్పష్టంగా ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లందరూ "ఏమీ తెలియట్లేదమ్మా, బంగారంలా ఉన్నావు" అని వెళ్లారు. తేడా వంటింట్లో తేలింది.

ఒక మామూలు పూట వంట చూడండి. బియ్యం కడిగి నానబెట్టి, పప్పు కుక్కర్లో పెట్టి, విజిళ్లు లెక్కపెడుతూనే టమాటాలు తరిగి, చారుకి చింతపండు పిసికి, మధ్యలో కొరియర్ అబ్బాయి బెల్లు కొడితే వెళ్లి ఓటీపీ చెప్పి, తిరిగొచ్చి ఎక్కడ ఆపామో అక్కడే అందుకోవాలి. అలవాటైన చేతికి ఇది పనే కాదు. కానీ ఇందులో ముందూ వెనకా తేల్చుకోవడం, ఒకటి మనసులో ఉంచుకుని ఇంకొకటి చెయ్యడం, పక్కకి లాగేవాటిని ఆపుకోవడం, మళ్లీ దారిలోకి రావడం అన్నీ ఉన్నాయి. ఈ పనులన్నీ నడిపేది నుదుటి వెనక ఉన్న మెదడే. ఆమె బెల్లు విని తలుపు తీసి వచ్చేది. వచ్చాక టీ పెట్టడం మొదలుపెట్టేది. కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో ఎవరికీ తెలియదు. ఉల్లిపాయలు సగం తరిగి అలాగే ఉండేవి. ఒకరోజు పోపు మూకుడు స్టవ్ మీదే ఉంచి వెళ్లి పడుకుంది.

పప్పు ఎలా చేస్తారని అడిగితే మాత్రం పొల్లుపోకుండా చెప్పేది. ఇంగువ ఎప్పుడు వెయ్యాలో, చింతపండు ముందే వేస్తే పప్పు ఎందుకు ఉడకదో కూడా చెప్పేది. తెలిసిన సంగతి ఎక్కడికీ పోలేదు. దాన్ని వరసలో పెట్టి నడిపించే శక్తి దెబ్బతింది. ఇంటివాళ్లు నమ్మలేనిది దీన్నే. "నోటితో అన్నీ బాగానే చెప్తాది, చేసేదానికే ఒళ్లు వంగదు" అని ఆయన తల్లి అన్న మాటలో కోపం కన్నా అయోమయమే ఎక్కువ ఉందని నాకు అనిపించింది. రోజువారీ పనులు మళ్లీ చేసుకునేలా తర్ఫీదిచ్చే ఆక్యుపేషనల్ థెరపిస్టులు కాగితం మీద పరీక్షలతో ఆగకుండా వంటింట్లో ఒక పని చేయించి చూసేది ఇందుకే. కాగితం మీద ప్రశ్న ఒక్కొక్కటే వస్తుంది, వంటింట్లో అన్నీ ఒకేసారి వస్తాయి.

ఆ తర్వాత ఆ ఇంట్లో జరిగిన మార్పులు చెప్పుకోదగ్గవి. గ్యాస్ పక్కన పెట్టి, టైమర్ పెడితే దానంతటదే ఆగిపోయే ఇండక్షన్ స్టవ్ తెచ్చారు. ఒక పూటకి ఒకే వంటకం, మిగతావి కర్రీ పాయింట్ నుంచి. విజిళ్లకి బదులు ఫోన్లో అలారం. కావలసినవన్నీ ముందే పళ్లెంలో సర్దుకోవడం. చేసే వరస ఆమె చేతిరాతతోనే రాసి గోడకి అంటించడం. ఆమె చేతిరాత అన్నది చిన్న విషయం కాదు. మొగుడు రాసి అంటించిన కాగితం హుకుంలా ఉంటుంది, రెండో రోజుకే చింపేసింది. వంట చేస్తున్నంతసేపూ బెల్లు ఎవరు కొట్టినా తలుపు తియ్యాల్సింది ఆయనో, ఆయన తల్లో.

ఇంకో మార్పుకి ఎక్కువ కాలం పట్టింది. ఆయన ఆఫీసు నుంచి రాగానే "పొద్దున ఏం టిఫిన్ తిన్నావు చెప్పు, నిన్న మనింటికి ఎవరొచ్చారు చెప్పు" అని పరీక్ష పెట్టేవాడు. జ్ఞాపకశక్తికి కసరత్తు అవుతుందనుకున్నాడు. గట్టిగా గుర్తుచేసుకోమని ఒత్తిడి పెట్టినంత మాత్రాన దెబ్బతిన్న జ్ఞాపకం బలపడదు. పైగా ఊహించి తప్పు చెబితే ఆ తప్పే మెదడులో నాటుకుపోయే ప్రమాదం ఉంది. మామూలు మనిషికి తాను తప్పు చేశానన్న సంగతి గుర్తుంటుంది కాబట్టి దిద్దుకుంటాడు. ఇక్కడ అది గుర్తుండదు. అందుకే రిహాబిలిటేషన్‌లో తప్పు జరగకముందే సరైన జవాబు అందించి, దాన్నే మళ్లీ మళ్లీ చేయించే పద్ధతి వాడతారు. "నిన్న మీ పిన్ని వచ్చింది కదా, మల్లెపూలు తెచ్చింది" అని తనే చెప్పేస్తే సరిపోయేదానికి రోజూ ఆమెను బోనులో నిలబెట్టానని ఆయనకి ఆలస్యంగా అర్థమైంది.

ఇప్పుడు కాస్త ముళ్లదారి. స్నానానికి లేస్తానంటుంది, లేవదు. గంట తర్వాత అడిగితే "వెళ్తున్నాగా" అంటుంది. ఇది బద్ధకంలా కనిపిస్తుంది. పని మొదలుపెట్టించే మీట మెదడులో పాడవడం వల్ల కూడా ఇలా జరుగుతుంది. అలాంటప్పుడు "లే" అనడం కన్నా టవల్ చేతికిచ్చి బాత్‌రూమ్ దాకా తోడు నడవడం పనిచేస్తుంది. మొదలంటూ పెడితే మిగతాది తనే చేసుకుపోతుంది. అయితే గాయం తర్వాత మొదటి సంవత్సరంలో డిప్రెషన్ కూడా చాలామందికి వస్తుంది. ఏడుపు, నిద్ర పట్టకపోవడం, తనవల్లే అందరికీ కష్టమనే మాటలు ఉంటే అది వేరే సంగతి, దానికి మందులున్నాయి. రెండూ బయటికి ఒకేలా కనిపిస్తాయి కాబట్టి తేల్చాల్సింది సైకియాట్రిస్టే.

కోపం సాయంత్రాల్లో వచ్చేది. పిల్లాడు స్కూలు నుంచి వస్తాడు, టీవీలో సీరియల్, కింద రోడ్డు మీద హారన్లు, పక్కింట్లో డ్రిల్లింగ్. మామూలు మెదడు అక్కర్లేని చప్పుడును మనకి తెలియకుండానే వడగట్టి పారేస్తుంది. గాయపడ్డ మెదడుకి ఆ వడపోతే పెద్ద పని. సాయంత్రం అయ్యేసరికి శక్తి అడుగంటుతుంది, చెంచా కింద పడినా అరుపే. దీనికి ఓర్పు ఒక్కటే మందని చెప్పేవాళ్లతో నాకు పేచీ ఉంది. టైమ్‌టేబుల్ అంతకన్నా మంచి మందు. బరువైన పనులు పొద్దున, మధ్యాహ్నం చీకటి గదిలో కాసేపు పడక, డబ్బు విషయాలు సాయంత్రం ఎత్తకూడదు. ఇంతకే వాళ్లింట్లో గొడవలు బాగా తగ్గాయి.

అన్నిటికన్నా చిక్కైంది తనకేదో అయిందని తనకే తెలియకపోవడం. 1914లో బాబిన్‌స్కీ అనే ఫ్రెంచి న్యూరాలజిస్ట్ పక్షవాతం వచ్చిన రోగుల్లో దీన్ని గమనించి ‘అనోసోగ్నోసియా’ అని పేరు పెట్టాడు. వాళ్లు చెయ్యి పడిపోయినా పడిపోలేదనేవాళ్లు. తలగాయాల్లో ఇది చేతులు, కాళ్ల కన్నా స్వభావం, జ్ఞాపకం విషయంలో ఎక్కువ కనిపిస్తుంది. "నాకేం కాలేదు. మీరే మారిపోయారు, నన్ను చిన్నపిల్లని చేశారు" అని ఆమె అనేది. అది మొండితనమైతే వాదించి గెలవొచ్చు. తనను తాను గమనించుకునే భాగమే దెబ్బతిన్నప్పుడు వాదన ఎక్కడికి వెళ్లి చేరుతుంది? థెరపిస్టులు చేసే ఉపాయం ఒకటుంది. పని మొదలుపెట్టే ముందే "ఎంతసేపు పడుతుంది, ఎన్నిసార్లు సాయం అడుగుతావు" అని ఆమె అంచనా ఆమెతోనే రాయిస్తారు. అయ్యాక అసలు లెక్క పక్కన రాసి ఆమెకే చూపిస్తారు. తప్పు పట్టింది మొగుడు కాకుండా కాగితం అయ్యేసరికి వినడం తేలికవుతుంది.

ఇక ఆలుమగల సంగతి. బండి నడిపింది తనే అన్న బాధ ఆయన్ని కాపలావాణ్ని చేసింది. ఆమె ఎక్కడికి వెళ్లినా వెనకే, ఏం ముట్టుకున్నా "నేను చేస్తాలే". ప్రేమతో చేసేదే అయినా రోజంతా అలా ఉంటే ఆ ఇంట్లో భార్యాభర్తలు మాయమై ఒక పేషెంటు, ఒక సూపర్‌వైజరు మిగులుతారు. పాలిన్ బాస్ అనే అమెరికా పరిశోధకురాలు యుద్ధంలో జాడ తెలియకుండా పోయిన సైనికుల కుటుంబాలతో 1970లలో పనిచేసి, తేలని నష్టం గురించి రాసింది. మనిషి లేకపోయినా మనసులో ఉండిపోవడం ఒక రకం. మనిషి ఎదురుగా ఉన్నా, మనకి తెలిసిన ఆ మనిషి కాకపోవడం రెండో రకం. తలగాయం రెండోదాని కిందికి వస్తుంది. మనకి పోయినవాళ్ల కోసం పదకొండో రోజు, పన్నెండో రోజు, సంవత్సరీకం ఉన్నాయి. నలుగురూ వస్తారు, ఏడవనిస్తారు. పెళ్లాం కళ్లెదుటే తిరుగుతుంటే "ఆమె మునుపటి నవ్వు కోసం బెంగగా ఉంది" అని ఏ బంధువుతో చెప్పుకుంటాడు? చెబితే "ప్రాణం దక్కింది, అంతకన్నా ఏం కావాలి" అంటారు. ఆ మాటతో ఆయన నోరు మూతపడుతుంది.

పడకగది గురించి డాక్టర్లు అడగరు, మనవాళ్లు చెప్పరు. గాయం తర్వాత కోరిక బాగా తగ్గిపోవచ్చు, కొందరిలో అదుపు లేకుండా పెరగొచ్చు. స్నానం చేయించి, డైపర్ మార్చిన చేతులకి అదే మనిషిని భార్యగా తాకడం వెంటనే సాధ్యం కాకపోవడమూ సహజమే. వీలుంటే ఆ ఒంటిపనులు అటెండరో, తల్లో చూసుకునేలా ఏర్పాటు చేసుకోమని నేను గట్టిగా చెబుతాను. డబ్బు ఖర్చయినా సరే. నెలసరి ఆగిపోవడం, విపరీతమైన నీరసం, కోరిక పూర్తిగా పోవడం లాంటివుంటే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిందేమో హార్మోన్ల పరీక్షతో చూడాలి; తలగాయం తర్వాత అది అరుదేమీ కాదు. ఫిట్స్ మందుల్లో వాల్‌ప్రొయేట్ కడుపులో బిడ్డకి హాని చేయగలదు కాబట్టి ఇంకో బిడ్డ ఆలోచన ఉన్నవాళ్లు గర్భం రాకముందే న్యూరాలజిస్టుతో మాట్లాడాలి. మందు మాత్రం సొంతంగా ఆపకూడదు.

పుట్టింటివాళ్లు "మా పిల్లని మాతో పంపండి, ఆర్నెల్లు ఊళ్లో ప్రశాంతంగా ఉంటుంది" అన్నారు. రెండువైపులా న్యాయం ఉంది. ఊళ్లో చప్పుడు తక్కువ, చేతులు ఎక్కువ. అయితే జ్ఞాపకం బలహీనంగా ఉన్నవాళ్లకి అలవాటైన ఇల్లు, అల్మరా, దారి తామే గుర్తుచేస్తుంటాయి. అవి పోతాయి, థెరపీ ఆగుతుంది. చివరికి పిల్లాడి సెలవుల్లో మాత్రం పంపారు. గోడ మీది కాగితాలు, టైమ్‌టేబుల్ కూడా వెంట వెళ్లాయి. ఆ సెలవుల్లో ఆయన హాయిగా నిద్రపోయాడు, అందుకు సిగ్గుపడ్డాడు కూడా. సిగ్గుపడాల్సిందేమీ లేదు.

ఎప్పటికి బాగవుతుందన్నదానికి తేదీ చెప్పలేరు. మొదటి ఆరు నెలల్లో వేగం ఎక్కువ, రెండేళ్ల దాకా కొంత, ఆ తర్వాత కూడా కొద్దికొద్దిగా. దెబ్బ తగిలినప్పటి నుంచి ఒకరోజు సంగతి మరుసటి రోజుకి వరసగా గుర్తుండే స్థితి వచ్చేదాకా ఎంత కాలం పట్టిందో చూస్తే కొంత అంచనా దొరుకుతుంది. వారం దాటితే గాయం తీవ్రమైనదనే లెక్క. అందుకే ఆ రోజుల్లో ఆమె ఏం మాట్లాడిందో ఇంటివాళ్లు డైరీలో రాసిపెట్టుకుంటే డాక్టరుకి పనికొస్తుంది. జ్ఞాపకం, ఏకాగ్రత, ప్రణాళిక కొలవడానికి నిమ్హాన్స్ వాళ్లే 2004లో మనవాళ్ల కోసం ప్రమాణాలతో ఒక పరీక్షల సంపుటి తయారుచేశారు. పరీక్ష ఆమెకి బాగా వచ్చిన భాషలో జరగాలని అడగండి. పదాల జాబితా రాని భాషలో చదివి గుర్తుంచుకోమంటే కొలిచేది జ్ఞాపకాన్ని కాదు.

డబ్బు సంగతి చాలా ఇళ్లలో ఆలస్యంగా గుర్తొస్తుంది. ఆమె జీతం పడే ఖాతా పిన్ ఆమెకి గుర్తులేదు, బ్యాంకు ఆయనకి ఇవ్వనంది. మొగుడైనంత మాత్రాన మేజరైన మనిషి ఖాతా మీద అధికారం రాదు. ఇద్దరిలో ఎవరైనా సంతకం పెట్టగలిగే ఉమ్మడి ఖాతా ముందే ఉంటే ఈ బాధ ఉండదు. లేకపోతే 2016 వికలాంగుల హక్కుల చట్టంలోని 14వ సెక్షన్ కింద పరిమిత సంరక్షకత్వం కోసం జిల్లా కోర్టుకి వెళ్లొచ్చు. ఆమె తరఫున మొత్తం నిర్ణయాలు తీసేసుకోవడం కాకుండా, అవసరమైనంత మేరకు ఆమెతో సంప్రదించి తీసుకోవడం దీని ఉద్దేశం. ఇటువైపు ఇంకో తలనొప్పి: ఫోన్ చేతిలో ఉంటే ఒకే రకం నైటీలు మూడుసార్లు ఆర్డర్ పెట్టేది. ఫోన్ లాక్కోకుండా, ఆమెని కూర్చోబెట్టి ఒప్పించి యూపీఐ పరిమితి తగ్గించారు.

సొంత బండి, సొంత మొగుడు, ఇంక కేసెందుకని ఇలాంటి కుటుంబాలు ఊరుకుంటాయి. పోలీసు రికార్డు లేకపోతే తర్వాత బీమా దగ్గర చాలా కష్టమవుతుంది. బండికి కేవలం థర్డ్ పార్టీ పాలసీ ఉంటే వెనక కూర్చున్నవాళ్లకి సాధారణంగా అది వర్తించదు, సొంత బండి నష్టాన్ని కూడా కలుపుకున్న ప్యాకేజీ పాలసీ అయితే వర్తిస్తుంది. 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన మోటారు వాహనాల చట్టం సవరణ, పరిహారం కోసం దరఖాస్తు చెయ్యడానికి ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలల గడువు పెట్టింది. ఆ గడువు మీద కోర్టుల్లో వాదనలున్నాయి గానీ వాటిని నమ్ముకుని కూర్చోవద్దు. ఈ పరిహారం తేల్చే ట్రైబ్యునల్లో వైకల్య సర్టిఫికెట్ మీది శాతం ఒక్కటే సరిపోదు. ఆ వైకల్యం వల్ల ఆ మనిషి చేసే వృత్తిలో సంపాదన ఎంత పోయిందో చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. చెయ్యీ కాలూ బాగున్న అకౌంటెంటుకి ఈ తేడా చాలా పెద్దది. 2016 చట్టంలోని 21 వైకల్యాల్లో తలగాయం అనే పేరుతో విడిగా వర్గం లేదు. మాట, నడక, మానసిక స్థితి వీటిలో దేనిమీద ప్రభావం పడిందో దాని కింద సర్టిఫికెట్‌కి దరఖాస్తు చెయ్యాలి.

ఆమె మళ్లీ పనికి వెళ్తోంది, పూటపని. విడిగా ఒక మూల సీటు, ఒక్కో బిల్లు చూసి ఎంట్రీ వెయ్యడం. అది బాగా చేస్తుంది. నెలాఖరు జీఎస్టీ హడావిడిలో ఆమెని వేలు పెట్టనివ్వరు, దానికి ఆమెకి ఇంకా కోపమే. ప్రభుత్వోద్యోగికైతే సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిందని తీసేయకూడదని అదే 2016 చట్టంలోని 20వ సెక్షన్ చెబుతుంది. ప్రైవేటులో ఆ రక్షణ అదే రూపంలో లేదు, యజమాని మంచితనం మీద చాలా ఆధారపడుతుంది.

ప్రస్తుతం వాళ్లింట్లో నడుస్తున్న పేచీ స్కూటీ గురించి. ఆఫీసుకి తనే వెళ్తానని ఆమె, వద్దని ఆయన. న్యూరాలజిస్టు చూసేవి ఇవి: దెబ్బ తర్వాత ఫిట్స్ వచ్చాయా, పక్క నుంచి వచ్చే బండిని చూపు పట్టుకుంటోందా, అనుకోనిది ఎదురైతే ఎంత త్వరగా బ్రేకు వేస్తుంది, అలసిపోయాక కూడా అంతే వేగంగా వేస్తుందా. తలగాయం తర్వాత ఫిట్స్ నెలలు, ఏళ్లు గడిచాక కూడా రావొచ్చు. లైసెన్సు కోసం ఇచ్చే ఫారం 1లోనే మూర్ఛ, ఉన్నట్టుండి స్పృహ తప్పడం ఉన్నాయా అని అడుగుతారు. వచ్చే రివ్యూలో ఈ ప్రశ్న ఆమే అడుగుతానంది. డాక్టరు ఏం చెప్పినా వింటానని మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.